జ్వరం గురించి, పుకార్ల గురించి, 1994 గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్, ఆటల పోటీల వివరాలు ఈసారి వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ముందు పేజీ వేరే విషయానికి వాడుకుంటున్నాను. పోయిన వారం ఆరో తరగతిలో కొందరు పిల్లలు జ్వరంతో బడికి రాలేదు. ఆ రాత్రే మన పేరెంట్స్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. బడిలో ఏదో అంటురోగం వచ్చిందట, సార్లు దాస్తున్నారట, పిల్లలను ఊరికి పంపించేయడం మంచిదట. తెల్లారేసరికి ఆరో తరగతే కాదు, మూడో తరగతిలో కూడా సగం బెంచీలు ఖాళీ. పిల్లలను చూసిన డాక్టర్ వానాకాలంలో వచ్చే వైరల్ జ్వరమే అన్నారు, వాళ్లంతా ఇప్పుడు గ్రౌండులో పరిగెడుతున్నారు, అది వేరే సంగతి.

ఆ మెసేజ్ ఎవరు పెట్టారని నేను వెతకడం లేదు. టీచర్లలో ఒకరిద్దరు వెతకాలన్నారు, నేనే వద్దన్నాను. ఎందుకో చెప్పాలంటే సూరత్‌లో బతుకుతున్న మన తెలుగువాళ్లం 1994 సెప్టెంబర్‌లో ఇక్కడ వచ్చిన ప్లేగును ఒకసారి గుర్తు చేసుకోవాలి. మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు, కొందరు పుట్టలేదు కూడా. మీ అత్తమామలను, అమ్మానాన్నలను అడిగితే మాత్రం నాకంటే బాగా చెబుతారు.

ఆ ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. ఉకాయ్ డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే తాపీ నది పొంగి పల్లపు బస్తీలు మునిగాయి. నీళ్లు తీసిపోయాక బురద, చెత్త, చచ్చిన జంతువులు రోజుల తరబడి అక్కడే ఉండిపోయాయి. అంతకు కొద్దిరోజుల ముందే, ఆగస్టు చివర్లో, మహారాష్ట్ర బీడ్ జిల్లాలోని మామ్లా అనే ఊళ్లో గడ్డల ప్లేగు కేసులు బయటపడ్డాయి. మన దేశంలో అంతకుముందు మనుషులకు ప్లేగు ఖాయంగా నమోదైంది 1966లో. అంటే 28 ఏళ్లుగా ఆ పేరే వినలేదు, దాని మీద నిఘా పెట్టాల్సిన వాళ్లు కూడా దాదాపు మరచిపోయారు. బీడ్ వార్త పేపర్లలో వచ్చినా సూరత్‌లో ఎవరూ పెద్దగా ఒళ్లు కదిలించలేదు.

సెప్టెంబర్ మూడో వారంలో వేడ్ రోడ్, కతార్‌గామ్ వైపు నుంచి జ్వరం, దగ్గు, రక్తం పడే కళ్లెతో మనుషులు ఆసుపత్రికి రావడం మొదలైంది, ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవడం కూడా మొదలైంది. ఇది ఊపిరితిత్తులకు వచ్చే ప్లేగు. ఎలుకల ఒంటి మీద ఉండే ఫ్లీ అనే చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే గడ్డల ప్లేగుకూ దీనికీ తేడా ఉంది. ఇది దగ్గు తుంపర్ల ద్వారా దగ్గరగా ఉన్న మనిషికి నేరుగా అంటుతుంది, చికిత్స లేకపోతే బతకడం చాలా అరుదు. కానీ మందు ఉంది. టెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటివి మొదటి రోజే పడితే మనిషి నిలబడతాడు. ఈ రెండో ముక్క, మందు ఉందన్న ముక్క, నమ్మకంగా ఎవరైనా వచ్చి చెప్పేలోపే మొదటి ముక్క ఊరంతా పాకిపోయింది. తాగే నీళ్లలో ఎవరో విషం కలిపారని కూడా అప్పుడు పుకారు లేచింది. వాట్సాప్ లేదు, సెల్‌ఫోన్ లేదు. అయినా ఒక్క రాత్రి చాలింది.

ఆ తర్వాత నాలుగైదు రోజుల్లో ఊరు విడిచి వెళ్లినవాళ్లు తక్కువలో తక్కువ మూడు లక్షలని ఒక అంచనా, ఆరు లక్షల దాకా అని ఇంకో అంచనా. అప్పటి సూరత్ జనాభా మొత్తం 15 లక్షల చిల్లర. సౌరాష్ట్ర వాళ్లు బస్సుల మీద, ఒడిశా, యూపీ వాళ్లు దొరికిన రైలు పట్టుకుని, మనవాళ్లు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ రైల్లో కాలు పెట్టే సందు కోసం కొట్లాడి వెళ్లిపోయారు.

మన ఎనిమిదో తరగతి పిల్లలకు సోషల్ ప్రాజెక్టుగా ఇదే ఇచ్చాం, ఇంట్లో పెద్దవాళ్లను 1994 గురించి అడిగి రాసుకు రమ్మని. నోటు పుస్తకాలు చదువుతుంటే నాకు ఆశ్చర్యం వేసింది. రోగం గురించి రాసింది తక్కువ. సేట్ సాంచాలు (మరమగ్గాలు) బంద్ పెట్టి తాళం వేసుకుని పోయాడని, పగార్ బాకీ ఉండిపోయిందని, గల్లీలో ఉన్న ఒక్క ప్రైవేటు డాక్టరూ షట్టర్ దించాడని, మెడికల్ షాపుల్లో గోలీలు అయిపోయాయని, ఇవే ఎక్కువ. ఒక అమ్మమ్మ కొంగు ముడిలో టెట్రాసైక్లిన్ గోలీలు కట్టుకుని ఊరికి వెళ్లిందట, అక్కడ ఊరి బయట బాయికాడ కొట్టంలో వారం రోజులు ఉంచారట, అన్నం తెచ్చి దూరంగా పెట్టి పోయేవాళ్లట. ఇక్కడ ప్లేగుకు భయపడి పోతే, అక్కడ తననే చూసి భయపడ్డారని మనవరాలితో నవ్వుతూ చెప్పిందట. నవ్వే సంగతి కాదు గానీ, ఇన్నేళ్ల తర్వాత ఆమెకు ఆ హక్కు ఉంది.

జనం పిచ్చివాళ్లలా పారిపోయారని అప్పట్లో పేపర్లు రాశాయి, ఇప్పటికీ కొందరు అలాగే మాట్లాడతారు. నేను ఒప్పుకోను. పని లేదు, కిరాయి ఆగదు, డాక్టర్ లేడు, మందు లేదు, ఏం జరుగుతోందో చెప్పే మనిషి లేడు. చంటిపిల్లను చంకనేసుకున్న మనిషి ఇంక ఏం చేయాలి? ప్రైవేటు డాక్టర్లలో అత్యధికులు ఊరు వదిలేశారని అప్పుడే వార్తలు వచ్చాయి. చదువుకున్నవాళ్లే కార్లలో పోతుంటే, సాంచాల మీద పనిచేసేవాణ్ని ధైర్యంగా ఉండమనడం ఏం న్యాయం? అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు గారు మన పాత కరీంనగర్ జిల్లా వంగర ఆయన. ప్రధాని మనవాడైనంత మాత్రాన సూరత్ స్టేషన్‌లో మనకు టికెట్టూ దొరకలేదు, మెడికల్ షాపులో గోలీ కూడా దొరకలేదు.

సర్కారు ఏం చేసిందంటే, చేసింది, కాకపోతే ఒకదానికొకటి పొంతన లేకుండా చేసింది. ఒక అధికారి ప్లేగు అంటాడు, ఇంకొకరు న్యుమోనియా కావచ్చంటారు, చనిపోయినవాళ్ల లెక్క పేపరుకో తీరుగా ఉంటుంది. బళ్లు, సినిమా హాళ్లు, మిల్లులు మూయించారు. మందులు బయటి నుంచి తెప్పించి పంచారు, ఇది మాత్రం మెచ్చుకోవాలి, దానివల్లే చాలామంది బతికారు. సివిల్ ఆసుపత్రి నుంచి రోగులు పారిపోతున్నారని చివరికి అక్కడ రాపిడ్ యాక్షన్ ఫోర్స్‌ను కాపలా పెట్టారు. తుపాకీ పట్టుకున్నవాడు గేటు దగ్గర నిలబడితే లోపల ఏదో ఘోరం జరుగుతోందనే అనుకుంటారు జనం. 1897లో పుణెలో తెల్లదొరలు ఇదే ప్లేగుకు సిపాయిలను ఇళ్లలోకి పంపి సోదాలు చేయిస్తే, జనం రోగాన్ని దాచడం నేర్చుకున్నారు, కోపం ముదిరి ప్లేగు అధికారి రాండ్‌నే కాల్చి చంపారు. ఆ ఏడాదే తెచ్చిన అంటువ్యాధుల చట్టాన్ని మన ప్రభుత్వాలు 2020లో కూడా బయటికి తీశాయి.

బయటి దేశాల భయం ఇంకో రకం. గల్ఫ్ దేశాలు మన విమానాలను ఆపేశాయి, చాలాచోట్ల మన సరుకు వద్దన్నారు, దేశానికి వేల కోట్ల నష్టమని అంచనా. చివరికి చూస్తే దేశమంతటా చనిపోయినవాళ్లు యాభై పైచిలుకు. ఒక్క ప్రాణమైనా ప్రాణమే, తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ ఆ యాభై పైచిలుకు మందికి లక్షల మంది ఊళ్లు ఎందుకు వదలాల్సి వచ్చిందనేదే నా ప్రశ్న. అంతమంది దేశం నలుమూలలకూ వెళ్లినా రోగం ఎక్కడా పెద్దగా పట్టుకోలేదు. ఊపిరితిత్తుల ప్లేగు అంటిన మనిషి మూడు రోజుల్లోపే మంచాన పడతాడు, లేచి తిరుగుతూ ఊరంతటికీ అంటించే ఓపిక ఉండదు, పైగా మందు పడితే త్వరగా లొంగుతుంది.

అసలిది ప్లేగేనా అనే వాదన నెలల తరబడి నడిచింది. దాన్ని తేల్చడానికి కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షుడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు, శ్రీకాకుళం బిడ్డ, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టర్ అయినవారు. ప్లేగు క్రిమేనని ఆ కమిటీ 1995లో తేల్చింది. మన పిల్లలకు ఈ పేరు తెలియదు, క్రికెటర్ల పేర్లు వంద తెలుసు.

ఇంకో తెలుగు పేరు మీకు తెలిసే ఉంటుంది, ఎస్.ఆర్. రావు, సూర్యదేవర రామచంద్రరావు గారు. 1995 మేలో సూరత్ మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. ఆయన కొత్త యంత్రాలేమీ కనిపెట్టలేదు. అధికారులను ఏసీ గదుల నుంచి లేపి పొద్దున్నే వీధుల్లోకి పంపారు, జోన్లలో ఉన్న అధికారులకే డబ్బు ఖర్చుపెట్టే అధికారం ఇచ్చారు, రాత్రిళ్లు కూడా వీధులు ఊడ్పించారు, మురికిగా ఉంటే పెద్ద హోటల్ అయినా చిన్న బండి అయినా ఒకటే జరిమానా వేశారు. ఏడాదిన్నరలో దేశంలోనే రెండో శుభ్రమైన నగరంగా సూరత్‌కు పేరొచ్చింది. నాకు వీటన్నిటికంటే నచ్చింది ఒకటుంది. ప్లేగు తర్వాత ఈ ఊళ్లో ఆసుపత్రుల నుంచి, క్లినిక్‌ల నుంచి జ్వరం కేసుల లెక్క రోజువారీగా తెప్పించుకునే పద్ధతి పెట్టారు. ఒక బస్తీలో లెక్క పెరిగితే రోగం పేరు తేలకముందే మనుషులు అక్కడికి వెళతారు. పుకారు పుట్టే టైమ్ కూడా ఇవ్వరన్నమాట.

2020 మీకందరికీ గుర్తుంది కాబట్టి పొడిగించను. 1994లో పోయేవాళ్లను ఎవరూ ఆపలేకపోయారు. 2020 మార్చిలో రాత్రి ఎనిమిదికి చెప్పి పన్నెండుకు దేశమంతా మూసేశారు, రైళ్లు లేవు, ఏప్రిల్‌లో ఇదే సూరత్‌లో కూలీలు మమ్మల్ని ఊరికి పంపండని రోడ్డు మీదికి వచ్చారు. రెండుసార్లూ పేదవాడిని అడిగినవాళ్లు లేరు, నీకు నాలుగు రోజుల తిండి ఉందా, ఇంటి ఓనర్ ఆగుతాడా అని.

ఇప్పుడు మన బడికి వస్తాను. మనది చిన్న బడి, ప్రభుత్వం కాదు, కానీ మీ పిల్లల విషయంలో రోజుకు ఆరేడు గంటలు మాదే బాధ్యత. ఒకే తరగతిలో ముగ్గురికి మించి జ్వరంతో రాకపోతే, ఆ సాయంత్రమే మీ అందరికీ మెసేజ్ వస్తుంది, దగ్గర్లోని మున్సిపల్ హెల్త్ సెంటర్‌కూ చెబుతాం. ఏ జ్వరమో తెలియకపోతే ఇంకా తెలియలేదనే రాస్తాం. తెలిసేదాకా ఆగి చెబుదామంటే ఆ మధ్యలో వాయిస్ మెసేజ్ వచ్చేస్తుంది, పోయిన వారం చూశాం కదా. జ్వరం వచ్చిన పిల్లల పేర్లు మాత్రం గ్రూపులో పెట్టం, మీరూ అడగొద్దు, దయచేసి.

మీ వైపు నుంచి నాకు కావాల్సింది, జ్వరం ఉంటే దాచకుండా చెప్పడం. పొద్దున గోలీ వేసి, ఒళ్లు చల్లబడగానే బడికి పంపేవాళ్లు ఉన్నారు, ఎందుకు పంపుతారో నాకు తెలుసు, ఇద్దరూ పనికి పోవాలి, ఇంట్లో ఎవరుంటారు. జ్వరం వల్ల హాజరు తగ్గితే ఏ టీచరూ నిలదీయరు, పరీక్ష పోతే మళ్లీ పెడతాం, ఇది నా మాట. నిజంగా ఇంట్లో చూసుకునేవాళ్లు లేకపోతే ఫోన్ చేయండి, ఏం చేయగలమో చూద్దాం, జ్వరంతో ఉన్న పిల్లను క్లాసులో కూర్చోబెట్టడం కంటే ఏదైనా నయమే.

ఇంకో మాట, మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ తెచ్చి పిల్లలకు వేయకండి. 1994లో బాగున్నవాళ్లంతా ముందుజాగ్రత్తగా టెట్రాసైక్లిన్ మింగితే రోగం ఉన్నవాడికి దొరకలేదు. అసలు ఆ మందు ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇస్తే పళ్లు శాశ్వతంగా పసుపు రంగుకు మారే ప్రమాదం ఉంది, డాక్టర్ తప్పనిసరి అంటే తప్ప ఇవ్వరు. మామూలు వైరల్ జ్వరానికి ఏ యాంటీబయోటిక్కూ పనిచేయదు. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, ఆయాసం, ఒంటి మీద మచ్చలు, మత్తుగా పడి ఉండడం కనిపించినా ఆగొద్దు. గల్లీలో బోర్డు పెట్టుకున్న ఎవరి దగ్గరికో కాదు, సరైన డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వాన నీళ్లలో చెప్పుల్లేకుండా ఆడనివ్వకండి, ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ దక్షిణ గుజరాత్‌లో ప్రతి వానాకాలం ఉండేదే.

వచ్చే శనివారం బడిలో ఈ విషయం మీద కూర్చుని మాట్లాడుకుందాం. పగలు షిఫ్టు వాళ్లకు రాత్రి ఎనిమిదిన్నరకు, రాత్రి షిఫ్టు వాళ్లకు పొద్దున తొమ్మిదికి, రెండుసార్లు పెడుతున్నాం. హెల్త్ సెంటర్ నుంచి ఒకరిని పంపమని అడిగాం, వస్తే మంచిదే, రాకపోయినా మీటింగ్ ఉంటుంది. 1994లో ఇక్కడే ఉండిపోయిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే తీసుకురండి, పోయినవాళ్ల కథలు పిల్లలు చాలా రాశారు, ఉన్నవాళ్లవి రెండే దొరికాయి. మెట్లు ఎక్కలేనివారి కోసం కుర్చీలు కిందే, నీళ్ల ట్యాంకు పక్కన వేయిస్తున్నాం.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయుడు