ఏజెన్సీ కాగితాల మీద సంతకం పెట్టే ముందు

ఒరేయ్ రవీ,

ఇండియా నుంచి పాపని దత్తత తెచ్చుకోవడానికి ఏ ఏజెన్సీలో చేరాలని అడిగిన నీ మెయిల్ నిన్న రాత్రి చదివాను. ఫోన్‌లో మాట్లాడదామంటే నువ్వు డ్రైవింగ్‌లో ఉంటావు, నేను మీటింగ్‌లో ఉంటాను. పైగా ఇది ఐదు నిమిషాల్లో తేలేది కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. లలిత కూడా మొత్తం చదవాలి. నువ్వొక్కడివే చదివి సారాంశం చెప్పకు, నీ సారాంశాల సంగతి నాకు కాలేజీ రోజుల నుంచీ తెలుసు.

నువ్వు పంపిన మూడు ఏజెన్సీల్లో "ఏడాదిలో పాప మీ ఇంట్లో ఉంటుంది" అన్నదాన్ని ముందు కొట్టెయ్. ఇండియాలో దత్తతకు వచ్చే చిన్నపిల్లలు తక్కువ, ఎదురుచూసే తల్లిదండ్రులు వేలల్లో ఉన్నారు. అక్కడ ఉండేవాళ్లకే మూడేళ్లు దాటడం మామూలు. నువ్వూ లలితా పోయినేడు అమెరికా సిటిజన్లయ్యారు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలను నిబంధనల ప్రకారం అక్కడివాళ్లతో సమానంగా చూస్తారు. మీలా వేరే దేశం సిటిజన్లయి ఓసీఐ కార్డు తీసుకున్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఇదంతా తెలిసీ ఏడాది అని మాటిచ్చేవాడు రేపు ఇంకేం చెప్పడానికైనా వెనకాడడు.

అట్లని సిటిజన్‌షిప్ తీసుకుని తప్పు చేశామనుకోకు. అది లేకపోతే అసలు గుమ్మమే దాటలేరు. అమెరికా వైపు మొదటి దరఖాస్తు ఐ-800ఏ, దాన్ని సిటిజన్లు మాత్రమే వెయ్యగలరు. మా ఆఫీసులో గ్రీన్ కార్డు మీదున్న ఒకాయన ఈ మాట తెలిసి నీరుగారిపోయాడు.

రెండో ఏజెన్సీ వెబ్‌సైట్ బాగుంది, ఫోటోలు బాగున్నాయి. కానీ ఇండియా నుంచి దత్తత చేయించాలంటే రెండు చోట్ల పేరుండాలి. అమెరికాలో హేగ్ ఒప్పందం (దేశాల మధ్య దత్తతలకున్న అంతర్జాతీయ ఒప్పందం) కింద గుర్తింపు, ఢిల్లీలో కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నుంచి అనుమతి. స్టేట్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఒక జాబితా ఉంటుంది, కారా సైట్‌లో ఇంకొకటి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. రెండిట్లోనూ ఉన్నవాళ్లు చాలా కొద్దిమందే, దాంతో నీ పని సగం తగ్గుతుంది. ఒకదాంట్లోనే ఉండి, "ఇండియాలో మా పార్ట్‌నర్ చూసుకుంటారు" అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్.

మూడోది, ఫోన్‌లో "మీ వయసుకి ఏడాది లోపు పాప దొరకదు" అని మొహం మీదే చెప్పిందని లలిత బాధపడిన ఆవిడ ఉన్న చోటు. నాకు నచ్చింది ఆవిడే. ఆవిడ లెక్క కరెక్టు. రెండేళ్ల లోపు పిల్లలకైతే దంపతుల వయసులు రెండూ కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100. మీ ఇద్దరికీ కలిపి ఇప్పుడు 89. వచ్చే ఏడు లెక్క మారిపోతుంది. అంటే ఏజెన్సీని ఎంచుకోవడానికి ఇంకో ఏడాది ఆలోచిస్తూ కూర్చునే టైమ్ మీకు లేదు. అలాగని కంగారుపడి మొదటిదాంట్లో చేరమని కాదు.

ఇంకో సంగతి. ఏ గుర్తింపు ఉన్న ఏజెన్సీ అయినా, అడిగితే గత మూడేళ్ల లెక్కలు చెప్పి తీరాలి, అది రూలు. ఎన్ని దత్తతలు చేయించారు, వాటిలో ఎన్ని నిలబడ్డాయి, ఎన్ని మధ్యలో విరిగిపోయాయి అన్నవన్నీ. ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడుగు. మేం మా చిన్నిని దత్తత తెచ్చుకునే రోజుల్లో ఒక ఏజెన్సీ నన్ను మూడు వారాలు తిప్పించి చివరికి ఒక మార్కెటింగ్ పీడీఎఫ్ పంపింది. మేం చేరిన చోట మర్నాడే అంకెలు వచ్చాయి, అందులో విరిగిపోయిన దత్తత ఒకటి ఉంది, దాని గురించి అడిగితే పేర్లు చెప్పకుండా ఏం జరిగిందో వివరించారు. ఆ ఒక్క మెయిల్ చూసి మా ఆవిడ సుజాత "ఇక్కడే చేరదాం" అంది.

ఏజెన్సీ ఆర్థికంగా నిలబడగలదా అని కూడా చూసుకో. 2004లో దాదాపు 23 వేలమంది పిల్లలు ఇతర దేశాల నుంచి అమెరికాకి దత్తత వచ్చారు. 2023లో ఆ సంఖ్య 1,300 కూడా లేదు. 2024లో చైనా తలుపులు మూసేసింది. ఇన్నాళ్లూ చైనా మీద బతికిన ఆఫీసులు ఎన్నో మూతపడ్డాయి. నువ్వు డబ్బు కట్టాక వాళ్లు దుకాణం కట్టేస్తే నీ ఫైలు ఎవరికి వెళ్తుందో కాంట్రాక్ట్‌లో రాసి ఉండాలి. మూతపడటమే కాదు, 2016 డిసెంబరులో ఒహాయోలోని ఒక పెద్ద ఏజెన్సీని స్టేట్ డిపార్ట్‌మెంటే మూడేళ్లపాటు నిషేధించింది. అప్పటికే సగంలో ఉన్న కుటుంబాల పరిస్థితి ఆలోచించు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏ ఏజెన్సీని అయినా ఇదొక్కటి అడుగు: "ఈ బిడ్డ మీ దగ్గరికి ఎలా వచ్చిందో మీకెలా తెలుసు?"

మనం హైదరాబాద్ వాళ్లం, ఇది అడగడానికి మనకి అందరికంటే ఎక్కువ కారణం ఉంది. 1999లో ఒకసారి, 2001లో మళ్లీ పేపర్ల నిండా అవే వార్తలు, గుర్తుందా? దేవరకొండ వైపు లంబాడీ తండాల్లో మూడో ఆడపిల్లో నాలుగో ఆడపిల్లో పుడితే దళారులు వెళ్లి కొద్దిపాటి డబ్బు చేతిలో పెట్టి తెచ్చేవాళ్లు. తల్లి ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు కాగితాలు పుట్టించేవాళ్లు. ఆ పిల్లలు సిటీలో ఆశ్రమాల మీదుగా విదేశాలకు వెళ్లిపోయేవాళ్లు. అటువైపు ఎదురుచూసే దంపతుల్లో చాలామంది మనలాంటివాళ్లే, మంచివాళ్లే. వాళ్లు కట్టిన డబ్బే ఆ దళారీని తండాకి పంపింది. ఆ గొడవ తర్వాత తల్లిదండ్రులు పిల్లల్ని నేరుగా ఆశ్రమాలకు అప్పజెప్పడాన్ని ప్రభుత్వం ఆపేసింది.

ఇప్పుడు పద్ధతి చాలా మారింది. పిల్లల సంక్షేమ కమిటీ ఆర్డరు లేకుండా ఏ బిడ్డా దత్తతకు రాదు. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుంది. దొరికిన పిల్లలైతే ముందు పేపర్లో ఫోటో వేస్తారు. జిల్లా ఎడిషన్‌లో "ఈ పాప తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే సంప్రదించగలరు" అని ఐసీడీఎస్ వాళ్ల ప్రకటన వస్తుందే, మనం చూసి పేజీ తిప్పేసేవాళ్లం, అదే. మా చిన్నిదానికీ అలాంటి ప్రకటన కటింగు ఉంది. జాగ్రత్తగా దాచాం. పెద్దయ్యాక అది అడిగే మొదటి ప్రశ్నకి మా దగ్గరున్న జవాబు ఆ ముక్కే. ఆ కాగితాలన్నిటి కాపీలు ఇస్తారా, ఎప్పుడిస్తారు అని మీ ఏజెన్సీని అడుగు. "అవన్నీ ఎందుకండీ, పాప మీదే కదా" అంటే లేచి వచ్చెయ్.

ఈ నిబంధనలన్నీ ఎలా పుట్టాయో తెలుసా? లక్ష్మీకాంత్ పాండే అనే లాయరు విదేశీ దత్తతల్లో జరిగే అక్రమాల మీద సుప్రీం కోర్టుకి ఉత్తరం రాశాడు. దాన్నే పిటిషన్‌గా తీసుకుని 1984లో జస్టిస్ భగవతి తీర్పిచ్చారు. కారా వచ్చింది దాని తర్వాతే. మనం ఆఫీసులో కంప్లయింటు మెయిల్ రాయడానికే వారం రోజులు ఆలోచిస్తాం.

డబ్బు గురించి పెద్దగా రాయను. ఇండియా వైపు ఆశ్రమానికి కట్టే మొత్తం నిబంధనల్లోనే ఉంది, 5,000 డాలర్లు. ఇక్కడి ఏజెన్సీ ఫీజు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, ఏ దశలో ఎంత, రిఫరల్ (ఫలానా బిడ్డని మీకు చూపించడం) తప్పితే ఎంత వెనక్కి, అన్నీ రాతలో తీసుకో. ఎక్కడైనా "డొనేషన్", "క్యాష్" అనే మాట వినబడితే ఆగు. ట్యాక్స్ క్రెడిట్ సంగతి మీ పన్నులు చూసే సీపీఏని అడుగు.

మీ అక్కయ్య మూడో అమ్మాయిని తెచ్చుకోమని అమ్మగారు అంటున్నారని రాశావు. సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించుకుంటే ఊళ్లో సరిపోతుందేమో, ఆ కాగితంతో పిల్లకి వీసా రాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉండి, బిడ్డని చూసుకోగలిగిన స్థితిలో ఉంటే అమెరికా చట్టం ఆ బిడ్డని ఈ దారిలో రానివ్వదు. బావగారికి రెండు మెడికల్ షాపులున్నాయి, "చూసుకోలేరు" అని ఎవరు నమ్ముతారు? అమ్మగారికి ఇది మెల్లగా చెప్పు, చట్టం పేరు చెప్పి తప్పించుకో. ఆ పిల్ల మనసు గురించిన వాదన పెడితే ఇంట్లో యుద్ధమే.

అమ్మగారి మాట వచ్చింది కాబట్టి, ఆవిడ మీ ఇంట్లో ఎన్నాళ్లుంటారో సోషల్ వర్కర్‌కి ముందే చెప్పు. హోమ్ స్టడీలో, అంటే సోషల్ వర్కర్ మీ ఇంటి గురించి చేసే విచారణలో, ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి వేలిముద్రలూ అడుగుతారు. పద్దెనిమిదేళ్లు దాటాక నువ్వు ఉన్న ప్రతి రాష్ట్రం, ప్రతి దేశం రికార్డులూ కావాలి. నువ్వేమో డెట్రాయిట్, లండన్, బెంగళూరు అని తిరిగినవాడివి, ఈ పని ఈ వారమే మొదలుపెట్టు. ఐ-800ఏ ఆమోదం 15 నెలలే చెల్లుతుంది కాబట్టి పొడిగింపులు తప్పవు, దానికి టెన్షన్ పడకు.

సోషల్ వర్కర్ అడిగే ప్రశ్నలకి కోపం తెచ్చుకోకు. మీ నాన్నగారు కొట్టేవారా, మీరు పిల్లని కొడతారా, మీకేమైనా అయితే పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది అని అడుగుతారు. "మన ఇళ్లలో రెండు దెబ్బలు మామూలే అండీ" అని నవ్వుతూ చెప్పబోతావు, నిన్నెరుగుదును. చెప్పకు. చెప్పకపోవడమే కాదు, అలా అనుకోవడం కూడా మానెయ్. 2017లో డల్లాస్ పక్కన రిచర్డ్‌సన్‌లో ఇండియా నుంచి వచ్చిన మూడేళ్ల పాప దత్తత తీసుకున్న ఇంట్లోనే చనిపోయింది. ఆ తర్వాత ఎవరు ఏం అడిగినా నాకు ఎక్కువనిపించలేదు.

అన్నిటికంటే కష్టమైన కాగితం ఇంకొకటి ఉంటుంది. జబ్బుల పేర్లు వరసగా రాసి, పక్కన అవును, కాదు, ఆలోచిస్తాం అని గళ్లుంటాయి. గ్రహణం మొర్రి, గుండెలో రంధ్రం, తలసేమియా, వినికిడి లోపం, హెపటైటిస్ బి. కన్నబిడ్డకైతే ఎవరూ ఇలా అడగరు. సుజాతా నేనూ విడివిడిగా నింపి తర్వాత పోల్చుకున్నాం, ఎక్కడా కలవలేదు. ఆ రాత్రి ఇద్దరం సరిగా తినలేదు. కానీ ఇద్దరిలో ఒకరు మొహమాటానికి "అవును" పెడితే ఆ భారం రేపు బిడ్డ మీద పడుతుంది. మీ ఇన్సూరెన్స్ ఏది కడుతుంది, మీకు దగ్గర్లో ఏ స్పెషలిస్టు ఉన్నాడు, ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఎవరుంటారు అన్నవి చూసుకుని గళ్లు నింపండి. "కాదు" అని పెట్టినందుకు మీరు చెడ్డవాళ్లు కాదు. రిఫరల్ వచ్చాక తేల్చుకోవడానికి గడువు గంటల లెక్కన ఉంటుంది, కాబట్టి రిపోర్టులు చదివిపెట్టే పిల్లల డాక్టరుని ఇప్పుడే వెతుక్కోండి. విదేశీ దత్తత క్లినిక్‌లు కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నాయి. తల చుట్టుకొలత, బరువు ఎలా పెరుగుతూ వచ్చాయో వాళ్లు చూసే తీరు వేరు.

లలిత "పాప తెలుగు మాట్లాడుతుందిగా, భాష సమస్య లేదు" అని సుజాతతో అందట. ఇండియా బిడ్డ అంటే తెలుగు బిడ్డ అని ఎవరన్నారు? ఒడిశా నుంచి రావచ్చు, జార్ఖండ్ నుంచి రావచ్చు. మా చిన్ని మరాఠీలో ఏడ్చేది. "భూక్ లాగ్లీ కా", "కుఠే దుఖతయ్" అని ఒక కాగితం మీద రాసుకుని ఫ్రిజ్‌కి అంటించాం, ఆకలేస్తోందా, ఎక్కడ నొప్పి అని అడగడానికి. రిఫరల్ రాగానే ఆ భాష నేర్పేవాళ్లని పట్టుకోండి.

రూలు ప్రకారం పది గంటల ట్రైనింగు ఇస్తారు. నా మటుకు అది చాలదు. దిండు కింద రొట్టెముక్కలు దాచుకునే పిల్లని ఏం చెయ్యాలో వీడియోలో చెబుతారు, కానీ ఆ రొట్టె తీసి పారెయ్యకుండా ఉండటం మన చేతులకి నేర్పాలి కదా. ముందే దత్తత తీసుకున్న కుటుంబాలతో మాట్లాడండి, ఏజెన్సీ ఇచ్చిన నంబర్లతో పాటు మీకు మీరుగా వెతుక్కున్నవాళ్లతో కూడా. సెలవు సంగతి చూసుకో. ఎఫ్ఎమ్ఎల్ఏ అనే అమెరికా సెలవుల చట్టం కింద దత్తతకి కూడా 12 వారాలు ఇస్తారు, జీతం మాత్రం ఉండదు.

పాప రాగానే గుడి హాల్లో వందమందిని పిలిచి ఫంక్షన్ చేస్తానని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం కొట్టెయ్. మనవాళ్లు ఎంత ప్రేమగల వాళ్లంటే, పిల్ల ఏడుస్తున్నా ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుంటారు. మొదటి కొన్ని నెలలు తినిపించేదీ పడుకోబెట్టేదీ మీరిద్దరే కావాలి, అమ్మగారు కూడా కాదు. మా అత్తయ్యగారు దీనికి నాతో చాలా రోజులు మాట్లాడలేదు. తర్వాత సర్దుకున్నారు, ఇప్పుడు చిన్ని ఆవిడ పార్టీ.

మొదటి ఏడాది మూణ్ణెల్లకోసారి, రెండో ఏడాది ఆరునెల్లకోసారి ఇండియాకి రిపోర్టు వెళ్లాలి. అది కాంట్రాక్ట్‌లో ఎవరి పేరు మీద ఉందో చూడు. సంతకం పెట్టకుండా ఆ మూడో ఏజెన్సీ కాంట్రాక్ట్ కాపీ నాకు పంపు, సుజాత ఎర్ర పెన్ను పట్టుకుని రెడీగా ఉంది. శనివారం మధ్యాహ్నం రెండు తర్వాత ఇద్దరం ఖాళీ, వీడియో కాల్ పెట్టు. లలితని పక్కన కూర్చోబెట్టు, టీవీలో మ్యాచ్ ఆపెయ్.

ఇట్లు,
నీ మురళి