ఓడనైతే సగమే గీసేవాళ్ళం

చిన్నీ,

ఐప్యాడ్ పంపిస్తానన్నావు. వద్దమ్మా. నేను గీసిన నాన్నమ్మ బొమ్మ మీ అమ్మ వాట్సాప్‌లో పెడితే చూసి ముచ్చటపడ్డావని తెలుసు. "ఏదైనా క్లాసులో చేరొచ్చుగా నాన్నా" అని కూడా అన్నావు. ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను. పక్కనుంచి మీ నాన్నమ్మ "చిన్నీయేనా? నాకివ్వు, నాకివ్వు" అంటుంటే ఏం మాట్లాడతాం! అందుకే ఈ ఉత్తరం.

బొమ్మలు మళ్ళీ మొదలయ్యింది నాన్నమ్మ పుణ్యమాని. తుంటి ఆపరేషన్ అయ్యాక వాకర్ లేకుండా లేవొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడ వింటుందా? కళ్ళు మూసుకుని పడుకున్నట్టే ఉంటుంది, మనం అటు తిరగ్గానే మంచం దిగేస్తుంది. మధ్యాహ్నాల కాపలా నాది. టీవీ పెడితే ఆవిడకి నిద్ర పట్టదు, ఫోన్ పట్టుకుంటే నాకు నిద్ర వచ్చేస్తుంది. అలా ఒకరోజు మందుల బిల్లు వెనక్కి తిప్పి, దుప్పటి మీద ఉన్న ఆవిడ చెయ్యి గీశాను.

చిన్నప్పుడు నాకు ఈ పిచ్చి బాగానే ఉండేది. చందమామ అట్ట మీద వడ్డాది పాపయ్యగారు వేసిన బొమ్మలకి గళ్ళు కొట్టి, అవే గళ్ళు నోటుబుక్కులో పెద్దవి చేసి దించేవాణ్ణి. ఆ మడతల చీరలు, ఆ నగలు! కింద మూల "వ.పా." అన్న సంతకం కూడా వదిలేవాణ్ణి కాదు. తర్వాత ఐటీఐ, డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడు, ఉద్యోగం. 1948లో జలఉష ఓడ నీళ్ళలోకి దిగిన మన విశాఖ షిప్‌యార్డులోనే మీ తాత రివెట్లు కొట్టాడు, నేను గీతలు కొట్టాను.

మా గీతలకి లెక్కుండేది. పైకి కనబడే అంచుకి నిండు గీత, లోపల దాగిన అంచుకి ముక్కల గీత, మధ్యరేఖకి గొలుసు గీత. ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు తప్పు పడితే సగం విరిచిన బ్లేడుతో పైపైన గీకి, గోటితో రుద్ది నున్నగా చేసి, దాని మీద మళ్ళీ గీసేవాళ్ళం. చెయ్యి బరువైతే కాయితానికి చిల్లే. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. బ్లేడు పోయింది, అమోనియా ప్రింట్ల కంపు పోయింది, చేతికి పనీ పోయింది. బాధపడ్డానని చెప్పను. అప్పట్లో అందరికీ జీతం పెరిగిందా లేదా అన్నదే ముఖ్యం.

ఓడకి బాడీ ప్లాన్ అని ఒక డ్రాయింగ్ ఉంటుంది. ఓడని అడ్డంగా కోస్తే ఏ చోట ఏ ఆకారం వస్తుందో చూపించేది. ఎడమా కుడీ ఒక్కలాగే ఉంటాయి గనక ప్రతి కోతనీ సగమే గీస్తాం. మధ్యగీతకి కుడివైపు ఓడ ముందు భాగం, ఎడమవైపు వెనక భాగం. రెండో సగం ఎవరూ గీయరు, దాంతో పని లేదు. నాన్నమ్మ ముఖం కూడా నేను అదే లెక్కలో మొదలెట్టాను. ముక్కు మీదుగా మధ్యగీత, ఒకవైపు పూర్తి చేసి, రెండో వైపు దాన్నే తిరగేశాను. చక్కగా వచ్చింది, కానీ ఎవరో పెద్దావిడ వచ్చింది. మా అమ్మ కాదు.

అప్పుడు పెన్సిల్ పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఎడమ కన్ను కుడిదాని కన్నా కాస్త కిందికి ఉంది. ముక్కుపుడక ఉన్న వైపు ముక్కు రవ్వంత సాగింది. కుడి చెంప లోపలికి పోయింది, అటు దవడ పళ్ళు లేవు మరి. నవ్వు ఎడమ మూల నుంచే మొదలవుతుంది, కుడి మూలకి ఒక్కోసారి అసలు చేరదు. నువ్వు చూసిన బొమ్మ ఆ తర్వాత వేసిందే.

అందుకే ఐప్యాడ్ వద్దంటున్నాను. అందులో గీత తప్పితే వేలితో తడితే పోతుందట, కావాలంటే ఒక సగం గీస్తే రెండోది అదే వేసేస్తుందట. అది చేతికొస్తే నేను మళ్ళీ డ్రాయింగ్ ఆఫీసులో కూర్చుంటాను. నాకు శుభలేఖలు చాలు. లోపలి అట్ట, మెరుపు లేని వైపు, 4బి పెన్సిల్‌ని భలే పట్టుకుంటుంది. రంగుల జోలికి ఇంకా పోలేదు. ఈ సముద్రపు గాలికి కాయితం ఎలాగూ చెమ్మగిల్లుతుంది, నీళ్ళ రంగులేస్తే ఎప్పటికారేను!

క్లాసుకైతే ఒక టైముండాలి. నా బొమ్మలకి టైమంటూ లేదు. కుక్కర్ మూడో కూత లోపు, గ్యాస్ బండ వచ్చేలోపు, నాన్నమ్మ కునుకు తీసి లేచేలోపు. మొన్న హార్బర్ నుంచి కోనాం చేప తెచ్చాను. మీ అమ్మ కత్తిపీట వేసుకుంటుంటే "పది నిమిషాలాగు" అన్నాను. వీపు నీలం, పొట్టకొచ్చేసరికి వెండి, పక్కల బూడిదరంగు చారలు. వీపు రెక్క అయిపోయిన దగ్గర్నుంచి తోక దాకా పైనా కిందా బుల్లి బుల్లి రెక్కలు వరసగా ఉన్నాయి. ఇన్నేళ్ళుగా తింటున్నాను, అవి ఉంటాయని నాకు తెలీదు. ఆ మాటే అంటే మీ అమ్మ, "నేను ప్రతిసారీ కోసి పారేసేవి అవే" అంది.

పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారుగా, అప్పుడు మీ అమ్మ నడుస్తుంది, నేను కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర గట్టు మీద కూర్చుంటాను. లంగరేసిన ఓడలన్నీ ఒకేవైపు మొహం పెట్టుకుంటాయేమని చిన్నప్పుడు అడిగేదానివి, గుర్తుందా? లంగరు ముందువైపు ఉంటుంది కదా, గాలీ నీటి ఒరవడీ ఎటు నెడితే మిగతా ఓడంతా అటు సర్దుకుంటుంది. అప్పుడు నీకు గొప్పగా చెప్పాను గానీ ఇప్పుడదే నా ప్రాణానికొచ్చింది. సగం గీసేసరికి మెల్లిగా తిరిగిపోతాయి. ఇంకోటి, ఖాళీ ఓడకి నీళ్ళ పైన ఎర్రపట్టీ బాగా కనబడుతుంది, నిండు ఓడకి అది నీళ్ళలోకి పోతుంది. ఆ ఒక్క తేడా సరిగ్గా పడకపోతే ఎంత బాగా గీసినా ఓడకి బరువు రాదు.

మీ అమ్మని మాత్రం ఇంకా గీయలేదు. ఒక్కచోట కూర్చుంటే కదా. కూర్చున్నా "ఈ జుట్టుతోనా, ఉండండి" అని లేచిపోతుంది. నాన్నమ్మదీ ఒక షరతు: నైటీలో గీసిన బొమ్మ ఎవరికీ చూపించకూడదట, నీ పెళ్ళికి కట్టిన ఆకుపచ్చ పట్టుచీరలో ఇంకోటి వెయ్యాలట. మీ అమ్మ ఆల్రెడీ నీకు పంపేసిందని ఆవిడకి చెప్పలేదు, నువ్వూ నోరు జారకు.

సంక్రాంతికి వస్తున్నారుగా. అల్లుడుగారు ఓ అరగంట కదలకుండా కూర్చుంటారేమో కనుక్కో. నీవల్ల కాదని నాకు తెలుసు, నువ్వు నిద్రపోయినప్పుడు చూసుకుంటాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు దొరికాయో లేదో చెప్పు, స్టేషన్‌కి వస్తాను.

నాన్న