ఆ చెప్పులు కుట్టే అన్నకు వెయ్యి దండాలు

కుష్ఠు నయమైనవాళ్ల పాదాల క్యాంపు ఇప్పుడే ముగిసింది. ఒళ్లు హూనమైంది, అయినా పడుకునేముందే ఈ మాట రాయాలి.

కోఠి ఫుట్‌పాత్ మీద చెప్పులు కుట్టుకునే ఓ అన్న, మాలో ఎవరికీ ముఖపరిచయం కూడా లేని మనిషి, దుకాణం కట్టేసి సామాను మూటతో వాళ్ల కాలనీకి వచ్చారు. పేరు రాయొద్దన్నారు.

కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదానికి మామూలు చెప్పులే శత్రువులు. మేకు లేచినా, గులకరాయి దూరినా తెలియదు. ఒకేచోట ఒరుసుకుని పుండు పడుతుంది, పట్టించుకోకపోతే ఎముకదాకా పోతుంది. అందుకే పాదం ఆనేచోట ఎంసీఆర్ (సన్నటి గాలి గదులుండే మెత్తటి) రబ్బరు, కింద ముల్లు దిగని గట్టి సోలు, వెడల్పు పట్టీలు, మడమ వెనక ఇంకో పట్టీ. మేకు ఒక్కటీ ఉండకూడదు, అంతా గమ్మూ దారమే. బరువు పడితే పాదం పరుచుకుంటుంది కాబట్టి, మనిషిని నిలబెట్టి అట్టమీద గీసి కొలత తీయాలి. ఒక్కసారి చెబితే అన్నకు అర్థమైపోయింది.

ఓ పెద్దమ్మ వంకర తిరిగిన చేతిని కొంగులో దాచుకుని, నిలబడలేక తూలుతోంది. "నా భుజం పట్టుకో పెద్దమ్మా, పడ్తవ్" అన్నారు. ఆమె పట్టుకోలేదు. ఆయనే ఆ చేతిని మెల్లగా తీసి తన భుజంమీద పెట్టుకుని, తలవంచి పెన్సిలుతో గీయడం మొదలెట్టారు. బయటి మనిషి ఆ చేతిని ముట్టుకుని ఎన్నేళ్లయిందో! అక్కడున్న మాకెవరికీ నోట మాట రాలేదు. అన్నా, మీ రుణం తీర్చలేం.

కుష్ఠుకిచ్చే ఎండీటీ (కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్స) ఉచితం, జబ్బు రకాన్నిబట్టి 6 లేదా 12 నెలల్లో పూర్తవుతుంది. మందు మొదలైన కొద్దిరోజులకే జబ్బు ఇంకొకరికి సోకదు. మరి నయమయ్యాక మిగిలిన ఈ కాళ్ల సంగతెవరిది? పంచే చెప్పులు మామూలు సైజుల్లోనే వస్తాయి, వేళ్లు పోయిన పాదానికి ఏ సైజు సరిపోతుంది? పింఛనుకు వేలిముద్ర కావాలంటారు, వేళ్లే అరిగిపోయినవాళ్లని! కుష్ఠు పోయిందని 2005లో ప్రకటించుకున్నాం, నిజానికి అది 10,000 మందికి ఒకటికంటే తక్కువ కేసులన్న లెక్క మాత్రమే.

చెప్పులు తీసుకున్నవాళ్ల పిల్లలకో మనవి. రోజూ వాళ్ల పాదాలను 20 నిమిషాలు చన్నీళ్లలో నానబెట్టండి. వేడినీళ్లు వద్దు, కాలినా తెలియదు. గట్టిపడ్డ చర్మాన్ని గరుకురాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయండి. పుండుంటే నానబెట్టడం, రుద్దడం మానేసి డ్రెస్సింగ్ చేయించండి, నడవనివ్వకండి. ఎంత మంచి ఆయింట్‌మెంటైనా, నడుస్తూ ఉంటే మానదు. కొత్త చెప్పులు మొదట కాసేపే వేసి, విప్పాక ఎర్రబడిందేమో చూడండి.

మా ఇంట్లోవాళ్లకు థాంక్స్, వాళ్లకు తెలుసు.

అయ్యో, మరిచా: గాజుగుడ్డ అసలు ధరకే ఇచ్చిన మెడికల్ షాపు తమ్ముడికి, రబ్బరు షీట్లు మోసుకొచ్చిన ఆటో అన్నకు, బకెట్లు నింపుతూనే ఉన్న కాలనీ చెల్లెళ్లకు కూడా. ఇంకెవరినైనా వదిలేస్తే కింద చెప్పండి, చేరుస్తాను.