స్టెల్వియో కనుమ గురించి కూడా రాయించండి

ఎడిటర్ గారికి,

ఆల్ప్స్ అనగానే మనవాళ్లు స్విట్జర్లాండ్ రైళ్ల దగ్గరే ఆగిపోతున్నారు. సైకిల్ ప్రయాణాల గురించి కూడా రాయించండి. పోయిన వేసవిలో నేను ఇటలీలోని స్టెల్వియో కనుమ సైకిల్ మీద ఎక్కాను. 1820ల్లో ఆస్ట్రియా పాలకులు వేయించిన దారి అది, ఎత్తు 2,757 మీటర్లు, ప్రాటో ఊరి నుంచి దాదాపు 24 కిలోమీటర్లలో 1,800 మీటర్లకు పైగా ఎక్కాలి, అదీ 48 హెయిర్‌పిన్ మలుపులతో. మలుపు మలుపుకీ అంకె వేసిన రాయి ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ అంకె తగ్గుతుంది. ఇరవయ్యో రాయి దగ్గర కాళ్లు మొరాయించాయి, కానీ ఎదురుగా ఓర్ట్లర్ శిఖరం మీద మంచు మెరుస్తుంటే వెనక్కి తిరగబుద్ధి కాలేదు.

అసలు టెన్షన్ దిగేటప్పుడే. చెమట మీద చలిగాలి కొట్టి వేళ్లు కొంకర్లు పోతాయి, బ్రేకు సరిగా పట్టలేం. పాతకాలం రేసర్లు ఛాతీకి అడ్డంగా చొక్కా లోపల న్యూస్‌పేపర్ పెట్టుకునేవాళ్లు, నేనూ పెట్టుకున్నాను, నిజంగా పనిచేసింది.

ఏటా ఒకరోజు ఆ దారిలో మోటారు బళ్లు ఆపేసి సైకిళ్లకే వదిలేస్తారు. చలికాలంలో మంచు వల్ల దారి మూసేస్తారు కాబట్టి వెళ్లాలనుకునేవాళ్లు జులై, ఆగస్టుల్లో ప్లాన్ చేసుకోండి.

– ఒక పాఠకుడు, మ్యూనిక్