ఫ్లాషర్ మార్చే ముందు ఎర్త్ చూసుకోండి

సంపాదకులు గారికి,

ఇండికేటర్ వేయకుండా మలుపు తిరిగేవాళ్ల మీద మీ ఉత్తరాల పేజీలో ఎవరో ఒకరు కోప్పడుతూనే ఉంటారు. ఆ కోపం న్యాయమే. కానీ హైదరాబాద్ రోడ్ల మీద ఇండికేటర్ వేసినా వెలగని పాత కార్లు కూడా తక్కువేం లేవు. కొన్నిటికి ముందు వెలుగుతుంది, వెనక వెలగదు. కొన్ని పట్టపగలు వెలిగాయో లేదో తెలియనంత మసగ్గా ఉంటాయి. డ్రైవర్ స్టీరింగ్ పక్కనున్న కాడ నొక్కుతాడు, లోపల టిక్ టిక్ వినిపిస్తుంది, ఇక తన పని అయిపోయిందనుకుంటాడు. వెనకొచ్చే బైకతనికి మాత్రం ఏమీ తెలియదు.

2014 జనవరిలో తయారీ ఆగిన మారుతీ 800, అదే ఏడాది మేలో ఆగిన అంబాసిడర్, వాటి తోటి జెన్, శాంత్రో, ఇండికా లాంటి బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. ఈ తరం కార్ల ఇండికేటర్లకు కంప్యూటర్‌తో పని లేదు. ఫ్యూజు, హజార్డ్ స్విచ్ (నాలుగు మూలల ఇండికేటర్లనూ ఒకేసారి వెలిగించేది), ఫ్లాషర్ (లైటును వెలిగించి ఆర్పుతుండే చిన్న పెట్టె), స్టీరింగ్ దగ్గరి కాంబినేషన్ స్విచ్ (ఇండికేటర్ కాడ ఉండేది), బల్బులు, ఎర్త్ (కరెంటు బల్బు నుంచి బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి): కరెంటు నడిచే దారి అంతే. దీన్ని వరసగా చూసుకుంటూ పోతే అరగంటలో తప్పు దొరుకుతుంది. షాపుల్లో జరిగేది వేరు. ఏ ఫిర్యాదు చెప్పినా ముందు ఫ్లాషర్ పీకి కొత్తది పెడతారు. అది కుదరకపోతే కాంబినేషన్ స్విచ్ అంటారు, అదీ కాకపోతే వైరింగ్ మొత్తం మార్చాలంటారు. పాత కార్లలో ఎక్కువసార్లు ఫ్లాషర్‌ది ఏ తప్పూ ఉండదు. అసలు దొంగ బల్బు హోల్డర్లోనో ఎర్త్ వైరు కొసనో దాక్కుని ఉంటాడు.

పనిముట్లు తీయక ముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. తాళం ఆన్ చేసి ఎడమ, కుడి, తర్వాత హజార్డ్ లైట్లు వరసగా వేసి, కారు చుట్టూ తిరిగి చూడండి. హజార్డ్ వేస్తే నాలుగు మూలలూ సమంగా వెలిగి ఆరుతున్నాయంటే బల్బులు, ఎర్త్‌లు, వెనక దాకా వెళ్లే వైర్లు, చాలా కార్లలో ఫ్లాషర్ కూడా బాగున్నట్టే. ఎందుకంటే రెండు పనులకూ ఒకే ఫ్లాషర్ ఉంటుంది. అప్పుడిక వెతకాల్సింది తాళం తిప్పితే సరఫరా ఇచ్చే ఫ్యూజు, హజార్డ్ స్విచ్, కాంబినేషన్ స్విచ్. ఈ మూడే. దీనికి తిరగేసి, ఇండికేటర్లు బాగుండి హజార్డ్ మాత్రం పడకపోతే, హజార్డ్‌కి బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే ఫ్యూజు చూడాలి. చాలా బండ్లలో ఇది వేరే ఫ్యూజు, ఒక్కోసారి హారన్‌తోనో లోపలి లైటుతోనో కలిసి ఉంటుంది. అక్కడి నుంచి ఒక చిన్న గుర్తు దొరుకుతుంది: హారన్ కూడా మోగట్లేదా?

ఇక్కడ హజార్డ్ స్విచ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ అనుమానించరు. ఈ స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా మామూలు ఇండికేటర్ కరెంటు దీని గుండానే ఫ్లాషర్‌కి వెళ్తుంది. ఆన్ చేస్తే తాళం సరఫరాను పక్కన పెట్టి, బ్యాటరీ సరఫరాను ఫ్లాషర్‌కి కలిపి, ఎడమ కుడి రెంటినీ ఒకటి చేస్తుంది. ఏళ్ల తరబడి ఆ బటన్ నొక్కని బండిలో లోపలి రాగి రేకుల మీద చిలుము పడుతుంది. ఫలితం: హజార్డ్ వెలుగుతుంది, ఇండికేటర్ రెండు వైపులా చచ్చిపోతుంది. తాళం తీసేసి ఆ బటన్‌ను ఇరవై ముప్ఫైసార్లు గబగబా నొక్కి వదలండి. రేకులు రాసుకుని చిలుము పోయి, చాలాసార్లు అక్కడికక్కడే ఇండికేటర్లు తిరిగొస్తాయి. వచ్చాయంటే స్విచ్ పనైపోవస్తోందని అర్థం. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి కొన్నాళ్లు నడిపించుకోవచ్చు, లేదా మార్చుకోవచ్చు.

ఒక వైపు మాత్రమే మామూలుకంటే రెట్టింపు వేగంతో కొట్టుకుంటోందంటే ఆ వైపు 21 వాట్ల బల్బు ఒకటి పోయినట్టు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ తన గుండా పారే కరెంటును కొలుస్తుంటుంది. ఒక్కో వైపు ముందు 21, వెనక 21, ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) మీద 5, మొత్తం 47 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర దాదాపు 4 ఆంపియర్లు. ఒక 21 వాట్ల బల్బు పోతే అది రెండుంపావు దగ్గరకు పడిపోతుంది. ఆ సంగతి డ్రైవర్‌కి తెలియజేయడానికే ఫ్లాషర్ వేగం పెంచుతుంది. పాత వేడి ఫ్లాషర్లలో, అంటే లోపల రేకు వేడెక్కి వంగే రకంలో, దీనికి వ్యతిరేకం. కరెంటు తగ్గితే రేకు సరిగ్గా వేడెక్కదు, లైటు నెమ్మదిస్తుంది లేదా వెలిగి అలాగే ఉండిపోతుంది. ఫెండర్ మీది 5 వాట్ల బుడ్డి బల్బు పోతే మాత్రం ఎక్కువ ఫ్లాషర్లు పట్టించుకోవు. దాన్ని కంటితో చూసుకోవాల్సిందే. లెక్క కావాలంటే గడియారం పట్టుకోండి: నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలగాలి, అంటే 15 సెకన్లలో 15 నుంచి 30.

బల్బు కొత్తది వేసినా వేగం తగ్గలేదంటే వేసిన బల్బు చేతిలోకి తీసుకుని దాని ఇత్తడి మూతి మీది అంకెలు చదవండి. 12 వోల్టుల 21 వాట్ల బదులు 10 వాట్లది వేసిన బండ్లు కనిపిస్తుంటాయి. లారీకి వాడే 24 వోల్టుల బల్బు అచ్చం ఇలాగే ఉంటుంది, హోల్డర్లో చక్కగా కూర్చుంటుంది, మసగ్గా వెలుగుతుంది, ఫ్లాషర్ పరుగెత్తుతుంది. అద్దం తెల్లగా ఉన్న ల్యాంపులో నారింజ రంగు బల్బే పడాలి. దాని పక్క పిన్నులు ఎదురెదురుగా ఉండవు, ఒకటి కాస్త పక్కకు జరిగి ఉంటుంది. తెల్ల బల్బు పొరపాటున దూరకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. పిన్ను అరగదీసి తెల్ల బల్బు తోసేవాళ్లకు ఏం చెప్పాలో తెలియదు. రంగు నాణ్యత లేని బల్బుల మీద పూత కొన్నాళ్లకు పెచ్చులూడి తెల్లగా వెలుగుతుంది. ఇండికేటర్ నారింజ రంగులోనే ఉండాలన్నది కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే ఉంది.

బల్బూ సరైనదే, అయినా తేడాగా ఉందంటే ఎర్త్. హైదరాబాద్ వానకు పాత టెయిల్ ల్యాంపుల రబ్బరు చుట్టు పగిలి నీళ్లు లోపలికి దిగుతాయి. హోల్డర్ అడుగున ఆకుపచ్చగా చిలుము, ఎర్త్ స్క్రూ చుట్టూ తుప్పు. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పద్ధతి: ఇండికేటర్ వేసి, హెడ్‌లైట్ స్విచ్‌తో టెయిల్ లైటు వేసి, ఒకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఇండికేటర్ ఆగినా, మసకబారినా, లేదా ఎర్రటి టెయిల్ లైటు ఇండికేటర్‌తో పాటే మిణుకుమన్నా ఎర్త్ పోయిందన్నమాటే. వెళ్లడానికి సొంత దారి లేక కరెంటు పక్క బల్బు ఫిలమెంటులోంచి దారి వెతుక్కుంటోంది.

మల్టీమీటర్ ఉంటే ఊహలతో పని లేదు. 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్ర వైరు బల్బు హోల్డర్ లోహపు అంచుకి ఆనించండి. ఇండికేటర్ వెలిగే క్షణంలో 0.2 వోల్టులు దాటి చూపిస్తే ఆ ఎర్త్ బాగోలేదు. లైటు ఆరి ఉన్నప్పుడు కొలిస్తే ఎప్పుడూ సున్నానే చూపిస్తుంది, దానికి అర్థం లేదు. అర వోల్టు పోతే ఏమవుతుందిలే అనుకోకండి. ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు సుమారు 30 శాతం పడిపోతుంది. ఎండలో కనపడకపోవడానికి అదే కారణం.

సరిచేయడం పెద్ద పనేం కాదు. ఎర్త్ బోల్టు ఊడదీసి, బాడీ మీద పెయింటు ఎమరీ పేపరుతో గీకి తెల్లటి ఇనుము కనపడేలా చేయండి. వైరు కొస నల్లబడి ఉంటే ఒక అంగుళం కత్తిరించి లోపలి మెరిసే రాగి వచ్చాకే కొత్త థింబుల్ (వైరు కొసకు వేసే లోహపు కొక్కెం) వేసి గట్టిగా నొక్కించండి. బిగించిన తర్వాత పైన కాస్త వ్యాజలీన్ రాయండి, ముందు కాదు. హోల్డర్ మరీ తినేసి ఉంటే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి హోల్డర్ నుంచి బాడీకి విడిగా లాగేయవచ్చు. ల్యాంపు అడుగున నీరు కారిపోయే చిన్న బెజ్జం ఉంటుంది. మట్టి పట్టి మూసుకుపోతే పిన్నీసుతో తీయండి. సిలికాన్ పూసేవాళ్లు ఆ బెజ్జాన్ని కూడా మూసేస్తుంటారు, నీళ్లు లోపలే నిలబడిపోతాయి.

ఇప్పుడు ఫ్లాషర్. రెండు వైపులా ఏమీ లేకపోతే, ఫ్యూజు బాగుంటే, ఫ్లాషర్ తీసి దాని సాకెట్ దగ్గర టెస్ట్ ల్యాంపు (ఒక కొస ఎర్త్‌కి తగిలించి కరెంటు ఉందో లేదో చూసే చిన్న బల్బు) పట్టండి. మూడు కాళ్ల ఫ్లాషర్ మీద బి, ఎల్, ఇ అనో, 49, 49ఎ, 31 అనో రాసి ఉంటుంది: మొదటిది సరఫరా, రెండోది బల్బులకు, మూడోది ఎర్త్. తాళం ఆన్ చేస్తే బి దగ్గర టెస్ట్ ల్యాంపు వెలగాలి. హజార్డ్ నొక్కితేనే వెలిగితే మళ్లీ హజార్డ్ స్విచ్ దగ్గరకో తాళం ఫ్యూజు దగ్గరకో వెళ్లండి. సరఫరా ఉంటే, చిన్న వైరు ముక్కతో బి, ఎల్ రెంటినీ కలిపి ఇండికేటర్ వేయండి. ఆ వైపు బల్బులు ఆరకుండా నిలకడగా వెలిగితే ఫ్లాషర్ పోయింది, నమ్మకంగా మార్చేయండి. వెలగకపోతే తప్పు ఫ్లాషర్ తర్వాత ఉంది, కాంబినేషన్ స్విచ్‌లో లేదా దాని కప్లర్‌లో (వైర్లు కలిపే ప్లగ్గులో). వైరు ముక్క పొరపాటున ఇ కాలుకి తగిలితే నేరుగా షార్ట్ అవుతుంది, చూసుకోండి. కొత్త ఫ్లాషర్ కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. కాళ్ల వరస కంపెనీకో రకంగా ఉంటుంది, చూడ్డానికి ఒకేలా ఉన్నా బి, ఎల్ స్థానాలు మారిపోతాయి.

వైరింగ్‌లో రెండు అనుమానాలు మన దగ్గర ప్రత్యేకం. అపార్ట్‌మెంటు సెల్లార్లలో ఎలుకలు బానెట్ కింద వైరు పైతొడుగు కొరికేస్తాయి. తర్వాత బయట వేయించిన రిమోట్ లాక్ అలారం. లాక్ చేయగానే లైట్లు వెలగాలని దాని నుంచి రెండు వైర్లు ఎడమ కుడి ఇండికేటర్లకు కలుపుతారు. ఆ అలారం పెట్టెలో లోపం వస్తే ఎడమకు వేసినా రెండు వైపులూ వెలుగుతాయి. డ్యాష్‌బోర్డు కింద ఆ పెట్టె కప్లర్ ఒకసారి లాగి చూడండి. రోగం పోయిందంటే ఫ్లాషర్, స్విచ్ మార్చిన డబ్బంతా వృథా.

ఎల్ఈడీ బల్బుల మోజు గురించి ఒక్క మాట. అవి తక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి ఫ్లాషర్ బల్బు పోయిందనుకుని పరుగెత్తుతుంది. దాన్ని ఆపడానికి 6 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టరు తగిలిస్తారు. అది వెలిగినంతసేపు పాతిక వాట్ల పైన వేడి కక్కుతుంది. ప్లాస్టిక్‌కో వైర్ల కట్టకో అతికిస్తే కరిగిపోతుంది, బిగిస్తే ఇనుప రేకుకే బిగించాలి. మామూలు 21 వాట్ల బల్బు పదుల రూపాయల్లో దొరుకుతుంది. పాత కారుకి అదే మేలు.

వానలో నడుస్తూ హజార్డ్ వేసుకుని పోయే అలవాటు కూడా ఔటర్ రింగ్ రోడ్డు మీద, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద బాగా పెరిగింది. హజార్డ్ ఆన్‌లో ఉంటే ఎడమ కుడి ఒకటైపోతాయి కదా, మీరు లేన్ మారుతున్నారని చెప్పే మార్గమే ఉండదు. ఒక మూల బల్బు పోయి ఉంటే వెనకవాడికి ఒకవైపు ఇండికేటరే వేసినట్టు కనిపిస్తుంది. హెడ్‌లైట్లు లో బీమ్‌లో వేసుకుంటే టెయిల్ లైట్లూ వెలుగుతాయి, అది చాలు. ఆగిపోయిన బండికే హజార్డ్. అక్కడా బ్యాటరీ లెక్క గుర్తుంచుకోవాలి: నాలుగు మూలలూ కలిసి వెలిగినప్పుడు దాదాపు 8 ఆంపియర్లు, సగం సేపు ఆరి ఉంటాయి కాబట్టి సగటున 4. చిన్న కారులోని 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద ఎనిమిది గంటలకు పైగా వస్తుంది, పాతబడిన బ్యాటరీ అయితే మూడు నాలుగు గంటలకే స్టార్టర్ తిప్పలేదు. రిఫ్లెక్టర్ త్రికోణం డిక్కీలో ఉండటం అందుకే అవసరం.

చివరగా రవాణా శాఖకు ఒక విన్నపం. 15 ఏళ్లు దాటిన సొంత కార్లు రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం ఖైరతాబాద్, నాగోలు లాంటి కార్యాలయాలకు తనిఖీకి వస్తాయి. అక్కడ ఇండికేటర్ విడిగా, బ్రేకు లైటు విడిగా చూసి వదిలేస్తే ఎర్త్ లోపం ఎప్పటికీ దొరకదు. టెయిల్ లైటు, బ్రేకు, ఇండికేటర్ మూడూ ఒకేసారి వేయించి, వెనక నిలబడి పది సెకన్లు చూడమని తనిఖీ అధికారులకు చెబితే చాలు. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, అదనపు రుసుమూ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
హైదరాబాద్