పచ్చగోడలకు బరువు లెక్క, నీళ్ల లెక్క అడగండి

సంపాదకులకు,

అద్దాల భవనాలకు ఇప్పుడు పచ్చని తొడుగు మోజు పట్టుకుంది. మాల్, ఆస్పత్రి, ఐటీ టవర్, ఏ బ్రోచర్ తిప్పినా గోడ నిండా మొక్కలు, డాబా నిండా పచ్చిక. మాకు అభ్యంతరమేమీ లేదు, భవనాల మీద తోటలు వేయడమే మా పని. కానీ ఆ పచ్చదనం ఎంత బరువుంటుంది, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతుంది, మూడో ఏడాది దాన్ని చూసేదెవరు అన్నవి అనుమతి ఇచ్చేటప్పుడే అడగాలి.

మనుషులు తిరిగే డాబాకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోలు లెక్కించమని భవనాల మీద పడే భారాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. "150 కిలోలు ఉంది కదా, మట్టి పోసేయండి" అనే బిల్డర్లున్నారు. ఆ 150 మనుషుల కోసం. మట్టి ఎప్పుడూ అక్కడే ఉండేది గనుక దాన్ని శాశ్వత భారంగా విడిగా కలపాలి, అదీ వానకు నానినప్పటి బరువుతో. మామూలు ఎర్రమట్టి 15 సెంటీమీటర్లు పోస్తే నానాక చదరపు మీటరుకు 270 కిలోలు అవుతుంది. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద అది 270 టన్నులు. ఇటుక నలుసు, పెర్లైట్ (ఉబ్బించిన తేలికరాయి గుళికలు), కొంచెం కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిపిన తేలిక మిశ్రమం 10 సెంటీమీటర్లయితే కింద నీళ్లు పారేందుకు పరిచే డ్రెయిన్ షీటుతో సహా 130–140 కిలోల్లో తేలుతుంది. బరువు తగ్గుతుందని కొబ్బరి పొట్టు ఎక్కువ వేస్తే రెండు మూడేళ్లకే కుళ్లి కుంగిపోతుంది. పొట్టు, కంపోస్టు కలిపి ఐదో వంతు దాటకూడదు. పాత భవనమైతే స్లాబు మీద బ్రిక్‌బ్యాట్ కోబా (నీళ్లు దిగకుండా ఇటుక ముక్కలతో వేసిన పాతకాలపు పొర) ఉందేమో ముందు చూడండి. నాలుగంగుళాల కోబాయే చదరపు మీటరుకు 200 కిలోల దాకా తూగుతుంది. పైగా నీళ్లు ఒకచోట దిగి, కోబా కింద పాకి, ఇంకోచోట కారుతాయి. దాన్ని తీసేసి కొత్తగా మొదలుపెట్టడమే మేలు.

స్లాబుకు కనీసం నూటికి ఒకటి వాలు ఇచ్చి వాటర్‌ప్రూఫ్ పొర వేయాలి. పిట్టగోడ దగ్గర ఆ పొరను మట్టి మట్టం కంటే 15 సెంటీమీటర్లు పైకి ఎక్కించాలి. తర్వాత 5 సెంటీమీటర్ల నీళ్లు 48 గంటలు నిలబెట్టి కింది అంతస్తులో చెమ్మ చూడాలి. పని ఆలస్యమవుతుందని కాంట్రాక్టర్లు ఎగ్గొట్టేది ఈ పరీక్షనే. మట్టి పోశాక కారితే చోటు దొరికేదాకా తవ్వుకుంటూ పోవాల్సిందే. ఆపైన వేళ్లను ఆపే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు (అతుకులు వెల్డింగ్ చేసినవి, టేపు అంటించినవి కాదు), బుడిపెల డ్రెయిన్ షీటు, నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, చివరికి మట్టి. పిట్టగోడ పొడవునా, వాన పైపుల చుట్టూ అడుగు వెడల్పు కంకర పట్టీ వదలాలి. పైపు నోటికి మూత తీసి చూసే జాలీ పెట్టె ఉండాలి. గంటకు 100 మిల్లీమీటర్ల వాన లెక్కన నాలుగంగుళాల పైపు సుమారు 43 చదరపు మీటర్ల కప్పుకే సరిపోతుంది. 2020 అక్టోబరు వానలు చూసిన హైదరాబాద్‌లో ఇంతకు తగ్గించి వేయొద్దు. వాననంతా మట్టే పీల్చుకుంటుందని కొందరు అంటారు గానీ, ముందురోజే నానిన మట్టికి ఇంకా పీల్చే చోటెక్కడిది?

విదేశీ కేటలాగుల్లో కనిపించే సెడం అనే మందపాటి ఆకుల మొక్క మన వానాకాలపు తడికి కుళ్లిపోతుంది. గడ్డిగులాబీ, కలబంద, రియో, నిమ్మగడ్డి నిలబడతాయి, వేసవిలో డ్రిప్ ఉంటేనే. పక్షుల రెట్టలతో వచ్చే రావి, మర్రి, జువ్వి మొలకలను నెలనెలా తీసేయాలి. వాటి వేరు అతుకు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతుంది. రావి కదా అని పనివాళ్లు పీకడానికి జంకుతారు. కుండీలోకి మార్చి గుడికిస్తామంటే ఒప్పుకుంటారు.

ఇక గోడలు. నేలలో పాతుకుని పైకి పాకే తీగలు ఒక రకం, గోడకు బిగించిన ట్రేల్లోనో ఫెల్ట్ అనే దళసరి గుడ్డ జేబుల్లోనో పెంచే మొక్కలు రెండో రకం. రెండోది మొదటి రోజే నిండుగా ఉంటుంది గనుక ప్రారంభోత్సవాలకు అందరికీ అదే కావాలి. ఎండిపోయేదీ అదే. వేసవిలో చదరపు మీటరుకు రోజుకు 4 నుంచి 8 లీటర్లు పడుతుంది, అంటే 200 చదరపు మీటర్ల గోడకు 1,600 లీటర్ల దాకా. ట్రేలో గుప్పెడు మట్టే గనుక మే నెలలో రెండు రోజులు పంపు ఆగితే చాలు. పైనుంచి ఒక్కటే డ్రిప్ లైను వేస్తే పై వరస ఎండి, కింది వరస కుళ్లుతుంది. ప్రతి రెండు మూడు మీటర్ల ఎత్తుకూ విడి లైను, విడి వాల్వు పెట్టి, ఒత్తిడిని సమం చేసే, గంటకు 2 లీటర్లు వదిలే డ్రిప్పర్లు 30 సెంటీమీటర్లకొకటి బిగించాలి. రోజుకోసారి అరగంట కాకుండా ఐదారుసార్లు రెండు మూడు నిమిషాల చొప్పున వదలాలి. డిస్క్ ఫిల్టరు చెత్తను ఆపుతుంది గానీ బోరు నీటిలో కరిగిన సున్నాన్ని ఆపదు, దానికి లైన్లను అప్పుడప్పుడు పలుచని ఆమ్లంతో కడగాలి. శుద్ధి చేసిన మురుగునీటితో ఉప్పు పేరుకుంటుంది, మధ్యమధ్య మంచినీళ్లతో కడిగేయాలి. ఏసీల నుంచి కారే నీళ్లు చాలంటారు. ఉక్కపోత ఉండే విశాఖలో కొంత నిజం. హైదరాబాద్‌లో మేలో గాలి పొడిగా ఉంటుంది, మొక్కకు నీళ్లు బాగా అవసరమైన నెలలోనే ఆ పైపు చుక్కలకు దిగుతుంది.

నానిన ట్రేలు ఫ్రేముతో చదరపు మీటరుకు 40–60 కిలోలుంటాయి. బోల్టులు కాంక్రీటు స్తంభాల్లోకి, బీముల్లోకి దిగాలి, తేలిక బ్లాకుల గోడలోకి కాదు. గోడకూ ఫ్రేముకూ మధ్య 5 సెంటీమీటర్ల సందు లేకపోతే లోపల బూజు పడుతుంది. ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖ, విజయవాడలకు 50. భవనం మూలల దగ్గర గాలి ట్రేలను బయటికి లాగుతుంది. 2014 హుద్‌హుద్ తర్వాత ఇది విశాఖ వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎండిన మొక్కలు, ప్లాస్టిక్ ట్రేలు నిప్పుకు చితుకుల్లాంటివి, జనరేటరు పొగగొట్టానికీ కరెంటు బోర్డులకూ దూరంగా పెట్టాలి.

పడమటి గోడకు మేం తీగలే సూచిస్తాం. రెండడుగుల లోతు తొట్టెలో రాధామనోహరమో కర్టెన్ క్రీపరో నాటి, గోడకు 10 సెంటీమీటర్ల ఎడంగా 4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు వైరు కట్టాలి. నిండటానికి రెండేళ్లు పడుతుంది, మూడు నాలుగు అంతస్తులకే ఆశ పెట్టుకోవాలి. ట్రేలు నీడలో, నిచ్చెన అందే ఎత్తులోనే బాగు.

ఇరవై అంతస్తుల టవర్ మీద గ్రీన్ రూఫ్ చల్లబరిచేది పై అంతస్తునే. మిగతా వేడి అద్దాల్లోంచి వస్తుంది. ఎత్తు తక్కువగా, కప్పు విశాలంగా ఉండే కాంక్రీటు భవనాలకు అది నప్పుతుంది. హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అలాంటిదే. రేకుల గోదాములు మట్టిని మోయలేవు. వాటికి తెలంగాణ 2023 కూల్ రూఫ్ విధానం చెప్పే తెల్ల పూతే సరైనది, చవకైనది కూడా.

టొరంటో నగరం 2009లో చట్టం చేసి, 2,000 చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాలకు కప్పులో కొంత వాటా పచ్చగా ఉండాలంది, దాంతోపాటే ఎలా కట్టాలో ప్రమాణాలూ పెట్టింది. ఇక్కడ అంత పెద్ద చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. భవనాన్ని వాడుకోవడానికి ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు ముందు నానిన బరువు మీద స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం, 48 గంటల నీటి పరీక్ష నివేదిక, ఏప్రిల్, మే నెలలకు నీళ్లు ఎక్కడివో చెప్పే పత్రం, ఐదేళ్ల నిర్వహణ ఒప్పందం మున్సిపాలిటీలు అడిగితే సరిపోతుంది. కొంత డిపాజిట్ కట్టించుకుని, మూడో వేసవి దాటాక జూన్‌లో తనిఖీ చేసి, మొక్కలు బతికున్న మేరకే తిరిగివ్వాలి.

ఇట్లు,
భవనాల మీద తోటలు వేసే ఇంజినీర్లు, ఉద్యాన నిపుణులు,
హైదరాబాద్