కాకినాడ గుల్లలకూ ఒక విరామం కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మన తీరంలో వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తెలుసు కాబట్టి మత్స్యకారులు కష్టమైనా ఓర్చుకుంటారు. కానీ ఆ నిషేధం మరబోట్లకు, ఇంజిన్ పడవలకు మాత్రమే. కాకినాడ తీరంలో, హోప్ ఐలాండ్‌కి ఇవతల నడుం లోతు నీళ్లలో దిగి చేత్తో బుడిత గుల్లలు (రెండు చిప్పల మధ్య మాంసం ఉండే జీవులు) ఏరేవాళ్లకి అది వర్తించదు. గుల్లలకి మాత్రం గుడ్డు కాలం ఉండదా? ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడకపోవడం చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చాలా ఏళ్లు పిల్లలకి జువాలజీ చెప్పాను. బుడిత గుల్ల పగలగొడితే ఎర్రగా కారేది నిజంగా రక్తమే అంటే ఎవరూ నమ్మేవారు కాదు. మన ఒంట్లో ఉన్నట్టే దానిలోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది. ఏరేవాళ్ల ఇళ్లలో తప్ప మన దగ్గర ఈ గుల్లలు తినేవాళ్లు తక్కువే. మాంసం ఎక్కువగా బయటికో, రొయ్యల హేచరీలకో పోతుంది, చిప్ప సున్నపు బట్టీకి పోతుంది. అందుకే కాబోలు, మంచి మాంసకృత్తులు, ఇనుము ఉన్న ఈ తిండి గురించి ఊళ్లో ఎవరికీ పట్టదు.

గుల్లలో మాంసం ఏడాదంతా ఒకేలా ఉండదు. నీళ్లలో మేత బాగా దొరికినప్పుడు అది పిండిపదార్థాన్ని, అంటే గ్లైకోజన్‌ని ఒంట్లో దాచుకుంటుంది. గుడ్డు, వీర్యం తయారయ్యే కాలానికి ఆ నిల్వే కరిగి వాటికి కావలసిన కొవ్వుగా, శక్తిగా మారుతుంది. అప్పుడు గుల్ల నిండుగా, రుచిగా ఉంటుంది. ఒక్కసారి నీళ్లలోకి గుడ్డు విడిచేశాక లోపల మిగిలేది పల్చటి, నీరు పట్టిన మాంసం. పైగా గోదావరికి వరద వచ్చి ఎర్రనీరు దిగితే ఉప్పదనం పడిపోతుంది. గుల్ల మూతి బిగించుకుని మేత మానేసి, ఉన్న నిల్వనే కరిగించుకుంటుంది. వరద ఎక్కువ రోజులుంటే చచ్చిపోతుంది కూడా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో గుల్లల పోషక విలువలున్నాయి. అవి సగటు అంకెలు. నెలనెలా వచ్చే ఈ హెచ్చుతగ్గులు వాటిలో కనిపించవు.

దీనివల్ల నష్టం రెండు వైపులా ఉంది. గుల్ల నిండుగా ఉన్నప్పుడు ఏరితే, రేపటి విత్తనాన్ని ఏరినట్టే. వట్టిపోయినప్పుడు ఏరితే, అదే కిలో మాంసానికి ఎన్నో ఎక్కువ గుల్లల్ని చంపాలి. ఏరేవాళ్లకి ఒళ్లు నొప్పులే మిగులుతాయి. మండపీతల వ్యాపారులకి ఈ లెక్క బాగా తెలుసు. పొట్ట నొక్కి చూసి డొల్ల పీతకి ధర తగ్గిస్తారు, గుడ్డు నిండిన ఆడ పీతకి ఎక్కువిస్తారు. గుల్లల్ని మాత్రం చిప్పతో సహా తట్టల లెక్కన కొంటున్నారు.

గుల్లలకి విరామం ఇచ్చే పని కేరళ ఎప్పుడో చేసింది. కొల్లం దగ్గర అష్టముడి కాయల్‌లో 1991లో సుమారు 10,000 టన్నులున్న గుల్లల దిగుబడి రెండేళ్లలో సగానికి పడిపోయింది. 1993 నుంచి అక్కడ గుడ్డు కాలమైన డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఏరడం ఆపారు. చిన్న గుల్లలు జారిపోయేలా వల కన్ను కొలత పెట్టారు. సరస్సు కోలుకుంది. 2014లో దేశంలో మొదటిసారిగా ఎంఎస్‌సీ గుర్తింపు (సంపద తరిగిపోకుండా సాగే వేటకి మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చేది) దక్కింది ఆ గుల్లల వేటకే. అలాగని వాళ్ల నెలల్నే తెచ్చి మన మీద రుద్దమని నేను అనడం లేదు. అది వేరే గుల్ల, వేరే నీరు. మన గుల్ల కొద్దోగొప్పో ఏడాదంతా గుడ్డు విడుస్తుంది, కొన్ని నెలల్లో జోరుగా విడుస్తుంది. ఆ జోరు నెలలేవో ఇప్పటి లెక్కలతో, ఇక్కడే తేల్చాలి.

అందుకు పెద్ద లాబొరేటరీ ఏమీ అక్కర్లేదు. నెలకి రెండుసార్లు, గుల్లలు దిగే రేవుల్లో కొన్నిటిని తీసుకుని చిప్ప పొడవు, మొత్తం బరువు, మాంసం బరువు రాసుకుంటే చాలు. మాంసం వాటా అకస్మాత్తుగా పడిపోయిందంటే గుడ్డు విడిచినట్టు చాలావరకు తెలిసిపోతుంది. గుడ్డు సంగతి ఖాయం చేసుకోవడానికి కాలేజీ మైక్రోస్కోప్ సరిపోతుంది. మత్స్యశాఖ పిలిస్తే నాలాంటి రిటైరైనవాళ్లం, కాలేజీ పిల్లలు కలిసి వచ్చి చేస్తాం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఏరడం ఆపమంటే ఆ రోజుల్లో పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా చెప్పాలి. వేట నిషేధం భృతి పడవల మీద వేటకి వెళ్లేవాళ్లని చూసి ఇస్తున్నది. చేత్తో ఏరేవాళ్లని, అందులో ఆడవాళ్లని, జాబితాలో చేర్చకుండా విరామం పెడితే అది అన్యాయం. ముందు వాళ్ల పేర్లు రాయండి, తర్వాత నెలలు ప్రకటించండి.

తూకాలు ఈ జనవరిలో మొదలుపెడితే, పై సంక్రాంతికి 12 నెలల లెక్క చేతిలో ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
కాకినాడ